గాజుతొట్టిలో గప్పీ సంసారము

బొగ్గుగనుల ప్రాంతమైన రామగుండము, గోదావరిఖని క్వార్టర్లలో గాజుతొట్టి నుంచుకొని చిన్నచేపలను పెంచు గృహస్థులు కొందరు కలరు. షిఫ్టు ముగించి వచ్చిన మనిషికి ఆ తొట్టి ముందు ఘడియసేపు కూర్చుండుట గొప్ప విశ్రాంతి. క్రొత్తగా పెంచువారికి మేము సూచించునది గప్పీ చేప. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా ఈశాన్యభాగము, ట్రినిడాడ్ ద్వీపము. 1866లో ట్రినిడాడ్ చేపలకు లెక్మియర్ గప్పీ అను నాతని పేరు పెట్టిరి. దోమపిల్లలను తినునను కారణమున దీనిని మన దేశమునకు తెచ్చిరి.

గప్పీ గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. రంగుల తోకగల చిన్నది మగది. లావుగా, వన్నె తక్కువగా నుండునది ఆడది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండవలెను. నాలుగు వారములకొక కాన్పు; కాన్పునకు సాధారణముగా ఇరువది మొదలు ఏబది వరకు పిల్లలు. ఒకమారు మగదానితో కలిసిన ఆడది బీజమును దాచుకొని, అటుపై మగతోడు లేకయే అనేక పర్యాయములు కనగలదు.

పుట్టించుట కష్టము కాదు, దక్కించుకొనుటయే కష్టము. కదలు చిన్న వస్తువెల్ల గప్పీకి ఆహారమే కనుక తల్లియే పిల్లలను మ్రింగును. మేమును మొదటి కాన్పున ముప్పదికి పైగా పిల్లలను లెక్కించి, మరునాటి ఉదయమున నాలుగింటినే చూచితిమి. తొట్టిలో నాచుమొక్కలను ఒత్తుగా నుంచిన పిల్లలు వాటిలో దాగును. కన్న వెంటనే తల్లిని వేరుచేయుట మరింత క్షేమము. ఉడికిన గ్రుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో వడగట్టి చిటికెడు వేయవలెను. ఇంటిల్లిపాదియు తలకొక చిటికెడు వేసినచో మిగిలినది క్రుళ్ళి నీరు చెడును. మేత వేయు బాధ్యత ఒకరికే అప్పగింపుడు.

కుళాయినీటిలోని క్లోరిన్ పోవుటకు ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచి వాడవలెను. మన ప్రాంతపు వేసవి మరియొక పరీక్ష. లీటరు నీటిలో 20 డిగ్రీలయొద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీలయొద్ద ఏడున్నర మాత్రమే నిలుచును. చేపలు పైకివచ్చి నోరు తెరచుట దీని సూచన. తొట్టిని కిటికీ ఎండకు దూరముగా నుంచి, చుట్టును తడిగుడ్డ కట్టుడు. కరెంటు పోయి పంపు ఆగినచో చెంబుతో నీటిని ముంచి ఎత్తునుండి పోయుడు. మంచుగడ్డలు వేయరాదు.

పిల్లలు మిక్కుటమైనపుడు చెరువులోనో గోదావరిలోనో వదలుదమను తలంపు కలుగుట సహజము. అది దయ కాదు. బీజము దాచుకొన్న ఆడచేప ఒక్కటి చాలును, క్రొత్త సంతతి వెలయుటకు. మన పరిగెల వంటి చిన్నచేపలతో అవి మేతకు పోటీపడును. ఇతర చేపల గ్రుడ్లను, పిల్లలను తినును. కావున నాలుగైదు వారముల వయసున, మగవాని క్రిందిరెక్క కడ్డీవలె సన్నపడుట కనబడినంతనే ఆడ మగలను వేర్వేరు తొట్లలో నుంచుడు. మిగిలినవాటిని పెంచదలచిన పొరుగువారికి, ఈ నాలుగు మాటలు చెప్పి, ఇండు.