స్క్రిప్టు చేతికి తాళపుచెవి

దూరముననున్న క్లౌడ్ సర్వర్ల పనిని నేడు మనము స్క్రిప్టులకు అప్పగించుచున్నాము. అందులకు వానికి తాళపుచెవి వంటి రహస్యమైన కీ ఒకటి ఇయ్యవలెను. దానిని స్క్రిప్టులోనే వ్రాసినచో నేమగును? స్క్రిప్టు నలుగురి చేతులు మారును. గిట్‌లో చేరిన పిమ్మట ఆ పంక్తిని తుడిచివేసినను, పాత ప్రతులలో అది నిలిచియే యుండును.

ఇచట అక్కరకు వచ్చునది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ప్రోగ్రాము ప్రారంభమగునపుడు దానికి వెలుపలినుండి అందు పేరు, విలువల జంట యిది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పు నాటినుండియు ఉన్నది. అమెజాన్ క్లౌడ్ విషయమున కీని ఇట్లు అందించినచో, టెర్రాఫారమ్, ఆన్సిబుల్ వంటి సాధనములు దానిని తామే గ్రహించును. స్క్రిప్టును ఎవరికి చూపినను కీ బయటపడదు.

అయితే ఇది ఇనుపపెట్టె కాదని శ్రోతలు గమనింతురు గాక. స్క్రిప్టు పిలిచిన ప్రోగ్రాములకును సాధారణముగా ఈ వేరియబుల్ సంక్రమించును. లినక్స్‌లో రూట్ అధికారము గలవారు దీనిని చదువగలరు. పొరపాటున లాగ్ ఫైలునకు ఎక్కుటయు కలదు. కావున ఆ పనికి చాలినంత అధికారము మాత్రమే కలిగి, కొద్ది గంటలలో చెల్లిపోవు తాత్కాలికమైన కీని ఇచ్చుట మేలు. అది పరులపాలైనను నష్టము స్వల్పమగును.