కాలు ఆనితేనే చెయ్యి ఆడుతుంది

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడు పలక మీద ‘అ’ దిద్దలేకపోతే అందరి చూపూ వాడి చేతి మీదే ఉంటుంది. ముందు చూడాల్సింది పాదాలను. ఒకటో తరగతిలో, కొంచెం ఎత్తు బెంచీ మీద వాణ్ని కూర్చోబెట్టి ఒక్క నిమిషం గమనించండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి. పిరుదులు ముందుకు జారిపోతుంటాయి. ఒరిగిపోకుండా ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంటాడు. ఆ పట్టు బిగిసేకొద్దీ కుడిమోచేయి ముడుచుకుని ఛాతీకి అతుక్కుంటుంది, బలపం పట్టిన పిడికిలి బిగుసుకుపోతుంది. వాడి శ్రమంతా పడిపోకుండా ఉండటానికే సరిపోతోంది. ఇక అక్షరానికి ఏం మిగులుతుంది?

పాదాల కింద ఒక పీట వేయండి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో ఉండేలా సర్దండి. వీపు వెనక ఆసరా పెట్టి, నడుము కింద మెత్తటి పట్టీ కట్టండి. బల్లను మోచేయి ఎత్తుకు తెండి. చాలామంది పిల్లల్లో బిగుతు కొంత తగ్గి, ఎడమచెయ్యి బల్ల అంచును వదిలి పలకను పట్టుకుంటుంది. రోగం నయం కాలేదు, మందూ వేయలేదు. ఒంటిని నిలబెట్టే భారం పీటా పట్టీ తీసుకున్నాయి, చెయ్యి రాతకు ఖాళీ అయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో కండరాల సంగతి తెలిస్తే అర్థమవుతుంది. కండరాన్ని ఒక్కసారిగా సాగదీస్తే వెన్నుపాము వెంటనే ‘బిగుసుకో’ అంటుంది. మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగిరేది అందుకే. మామూలుగా మెదడు నుంచి దిగే నరాల తీగలు ఈ స్పందనను అదుపులో ఉంచుతాయి. పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో మెదడులో ఆ భాగం దెబ్బతింటే అదుపు తప్పుతుంది, కండరం బిగుసుకునే ఉంటుంది. ఈ పిల్లల్లో ఎక్కువమందిది ఈ బిగుతు రకమే. పుట్టగానే వచ్చిన కామెర్లు ముదిరి మెదడుకు చేరితే వచ్చే రకం వేరు. అక్కడ ఒళ్లు బిగుసుకోవడం కంటే, తలచుకోని కదలికలు మెలితిప్పడం ఎక్కువ.

లండన్ వైద్యుడు విలియం లిటిల్ 1861లో సెరిబ్రల్ పాల్సీని కష్టమైన కాన్పులతో ముడిపెట్టాడు. తర్వాత మనోవిశ్లేషణతో పేరు తెచ్చుకున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లో వేరే మాట అన్నాడు: కాన్పు కష్టం కావడానికి, గర్భంలోనే మొదలైన ఇబ్బంది కారణం కావచ్చు కదా అని. ఈనాటి పరిశోధనలు చాలా కేసుల్లో ఫ్రాయిడ్ వైపే మొగ్గుతున్నాయి. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, సరిగా తినలేదనో తల్లిని ఆడిపోసుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పాలి. ఆ తల్లి తప్పేమీ లేదు.

మెదడులో దెబ్బ పెరగదు. కానీ పిల్లవాడు పెరుగుతాడు. ఎముక పొడుగవుతుంటే బిగిసిన కండరం దానితో సమానంగా సాగదు, మడమ పైకి లేచి మునివేళ్ల మీద నడక మొదలవుతుంది. ‘నిరుడు బాగానే నడిచిండు, ఇప్పుడు రోగం ముదిరింది’ అని తల్లిదండ్రులు భయపడేది అప్పుడే. ముదిరింది రోగం కాదు, కండరం వెనకబడింది. అందుకే రోజూ మెల్లగా సాగదీయడం, కాలిని సరిగా నిలిపి ఉంచే కేలిపరు తొడగడం, కొలత మారినప్పుడల్లా దాన్ని మార్చుకోవడం. నిరుటి కేలిపరు ఈ ఏటి కాలిని ఒరుస్తుంది. పిల్లవాడు దాన్ని మూలన పడేస్తే మొండితనం అనుకోకుండా ముందు చర్మం మీద ఎర్రటి మచ్చ ఉందేమో చూడాలి.

మెదక్ పట్టణంలో ఈ పనులకు భవిత కేంద్రం ఉంది. సమగ్ర శిక్షా కింద తెలంగాణ మండలాల్లో నడిచే ఈ కేంద్రాల్లో ఐ.ఇ.ఆర్.పి.లుగా పిలిచే ప్రత్యేక టీచర్లు ఉంటారు. ఫిజియోథెరపిస్టు కొన్ని నిర్ణీత రోజుల్లోనే వస్తారు. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉంటే టీచరే ఇంటికి వెళ్తారు, 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇంట్లోనే చదువుకునే హక్కునిచ్చింది. ఫిజియో ముందు చేసే వ్యాయామం అరగంట, గంట. మిగిలిన వారమంతా పిల్లవాడు ఎలా కూర్చుంటున్నాడన్నదే వాడి తుంటినీ వెన్నునూ మలుస్తుంది. ఇంట్లో చాప మీద కాళ్లు రెండు పక్కలకీ విరిచి కూర్చునే అలవాటు చాలామందికి ఉంటుంది, అది తేలిక కనుక. దానికి బదులు, రెండు గోడలు కలిసే మూలలో వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాపించి కూర్చోబెడితే పైసా ఖర్చు లేకుండా ఆసరా దొరుకుతుంది.

నాకు బాధ కలిగించేది మరొకటి. బడి హాజరు పట్టీలో పేరుంటుంది, పిల్లవాడు మాత్రం భవితకో ఇంటికో పరిమితమవుతాడు, తరగతిలో వాడి పీట ఉండదు. భవిత కేంద్రం తరగతికి సాయం చేయాలి, తరగతికి బదులు కాకూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు, చట్టం చెప్పిన స్థాయిలో వైకల్యం ఉన్న పిల్లలకు పక్కనున్న బడిలో, లేదా కోరుకున్న ప్రత్యేక బడిలో ఉచితంగా చదివే హక్కునిచ్చింది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

ఇక మాట. పెదవి, నాలుక, గొంతు కండరాలు కూడా బిగుసుకుంటాయి కాబట్టి మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. అది చూసి తెలివి లేదనుకుంటారు. వీళ్లలో దాదాపు సగం మందికి బుద్ధిమాంద్యం ఉండదు. కాకపోతే జవాబు రావడానికి సమయం పడుతుంది. ఎక్కం అడిగి మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగే టీచరు, మూడుకే పక్కవాణ్ని లేపే టీచరు ఇద్దరూ ఒకే పిల్లవాణ్ని చూసి వేర్వేరు అభిప్రాయాలకు వస్తారు. మాట రాకపోతే ‘అవును’, ‘కాదు’ అని రాసిన రెండు అట్టముక్కలు బల్ల మీద పెట్టండి, కళ్లతో చూపిస్తాడు. బలపం జారుతుంటే పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయండి.

అన్నం దగ్గరా జాగ్రత్త ఉంది. మధ్యాహ్న భోజనం పెట్టేటప్పుడు తల వెనక్కి వాల్చి ముద్ద వేస్తే అది శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉంది. గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టాలి.

ఇంకొక్కటి, చాలామందికి ఎవరూ చెప్పనిది. ఈ పిల్లల్లో ఇంచుమించు మూడోవంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది, సొంతంగా నడవలేనివాళ్లలో ఇంకా ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, నడవని పిల్లవాడైతే కుంటడమూ కనపడదు. స్నానం చేయించేటప్పుడో బట్టలు వేసేటప్పుడో ఒక తొడ మునుపటిలా పక్కకు తెరుచుకోకపోతే, ఒక కాలు పొట్టిగా కనిపిస్తే, ఎముకల డాక్టరుకు చూపించి తుంటికి ఎక్స్‌రే తీయించాలి. నడవని పిల్లలకు ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికోసారి తీయించడం మంచిది, ముందుగా తెలిస్తే చిన్న ఆపరేషన్‌తో కీలు నిలిచే అవకాశం ఎక్కువ.