ఫోటోలో రంగు మారితే ముఖాన్ని కాదు, ఇంకును సరిచూడండి

పాస్‌పోర్టు సైజు ఫోటో లేనిదే మన చదువు ఒక్క అడుగు ముందుకు సాగదు. హాస్టల్ దరఖాస్తు, స్కాలర్‌షిప్పు, బస్ పాసు, బ్యాంకు ఖాతా, ఉద్యోగ పరీక్ష... అన్నింటికీ అదే కావాలి. శ్రీకాకుళం, పలాస, రాజాం, బొబ్బిలి, పార్వతీపురం ఎక్కడైనా ఆ ఫోటో చాలాసార్లు జిరాక్స్ షాపులోని ఇంక్‌జెట్ ప్రింటరు నుంచే వస్తుంది. కంపెనీ కాట్రిడ్జి ఖరీదు ఎక్కువ. అందుకే అయిపోయిన కాట్రిడ్జిలో సిరంజితో ఇంకు నింపి మళ్ళీ వాడుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే నింపిన తర్వాత ముఖం ఒకసారి ఎర్రగా, ఒకసారి ఆకుపచ్చగా, మరోసారి నీలంగా వస్తుంది. అప్పుడు చాలామంది కంప్యూటరులో ఆ ముఖాన్నే తెల్లగా చేసి ఇచ్చేస్తారు. దానివల్ల ప్రింటరు జబ్బు తగ్గదు, మనిషి ముఖం మాత్రం మారిపోతుంది.

మన పూర్వ విద్యార్థుల్లో ఇలాంటి షాపు పెట్టుకున్నవారు, పెట్టుకోవాలనుకునేవారు ఉన్నారు. ఫోటో అవసరం లేనివారంటూ ఎవరూ లేరు. కాబట్టి ఈ రంగు ఎందుకు మారుతుందో, ఎలా సరిచేయాలో తెలుసుకుందాం.

రంగు ఎలా పుడుతుంది?

తెల్ల కాగితం తన మీద పడిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు మూడింటినీ మన కంటికి తిప్పి పంపుతుంది. ప్రింటరులోని ఒక్కొక్క ఇంకు వీటిలో ఒక్కొక్క వెలుతురును మింగుతుంది. సయాన్ అనే లేత నీలం ఇంకు ఎరుపును మింగుతుంది. మెజెంటా అనే గులాబీ ఇంకు ఆకుపచ్చను మింగుతుంది. పసుపు ఇంకు నీలాన్ని మింగుతుంది. మూడూ సరైన పాళ్ళలో పడితే బూడిద రంగు వస్తుంది. ఒకటి తక్కువైతే అది మింగవలసిన వెలుతురు మిగిలిపోయి, ఫోటో అంతా ఆ ఛాయ కమ్ముకుంటుంది.

ఈ ఒక్క సూత్రం నుంచే రోగ నిర్ణయం చేయవచ్చు:

ఫోటో ఎర్రబడితే సయాన్ తక్కువైంది.
ఫోటో ఆకుపచ్చ ఛాయలో ఉంటే మెజెంటా తక్కువైంది.
ఫోటో నీలం ఛాయలో ఉంటే పసుపు తక్కువైంది.

ఇక్కడ మన మాటతో ఒక చిక్కు ఉంది. మనం పసుపునూ పచ్చ అంటాం, ఆకు రంగునూ పచ్చ అంటాం. ఎవరైనా వచ్చి "ముఖం పచ్చగా వచ్చింది" అంటే పసుపుపచ్చా, ఆకుపచ్చా అని అడగాలి. ఆకుపచ్చ అయితే మెజెంటా తక్కువ. పసుపుపచ్చ అయితే పసుపు ఎక్కువగా పడుతోంది, లేదా సయాన్, మెజెంటా రెండూ తగ్గాయి. రెండింటికీ మందు వేరు.

బూడిద రంగే సాక్షి

ముఖాన్ని చూసి రంగు తేల్చడం కష్టం. ఒక్కొక్కరి ఛాయ ఒక్కొక్క విధంగా ఉంటుంది. బూడిద రంగుకు ఆ తేడా లేదు. కంప్యూటరులోని పెయింట్ ప్రోగ్రాములో ఐదు గళ్ళు గీసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ సమానంగా ఇవ్వండి. మొదటి గడికి మూడూ 40, తర్వాత 80, 128, 180, 220. పక్కన సయాన్, మెజెంటా, పసుపు గళ్ళు కూడా ఒక్కొక్కటి పెట్టండి. దీన్ని ఫోటో పేపరు మీద, ఫోటోకు వాడే సెట్టింగుతోనే కలరులో ప్రింటు తీయండి. గ్రేస్కేల్ ఆప్షను పెడితే పరీక్షే ఉండదు. ఇంకు కనీసం అరగంట ఆరాక చూడండి. సముద్రం దగ్గర ఊళ్ళలో, వానాకాలంలో ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

చూడడం కూడా పగటి వెలుతురులో చూడాలి. చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద చూసి ఊరుకోం, గుమ్మం దగ్గరకు తెచ్చి చూస్తాం కదా! దీనికీ అదే పద్ధతి. బూడిద గళ్ళలో ఏ ఛాయ కనబడుతోందో అదే మీ ప్రింటరు జబ్బు.

వరుసగా చేయవలసిన పనులు

1. ముందు నాజిల్ చెక్ ప్రింటు తీయండి. ఏ రంగు గీతలు తెగిపోయాయో ఆ రంగు రావడం లేదు. హెడ్ క్లీనింగ్ రెండు మూడుసార్లకు మించి వరుసగా చేయకండి. అది కూడా ఇంకు తాగుతుంది. రాత్రంతా వదిలేసి మరునాడు చూస్తే చాలాసార్లు గీతలు వాటంతట అవే వస్తాయి.

2. షీటు పైభాగంలోని ఫోటోలు బాగుండి కింది ఫోటోలు ఎర్రబడుతుంటే నాజిల్ మూసుకుపోలేదు, స్పాంజిలో గాలి చేరింది. ఇంకు వేగంగా దిగలేకపోతోంది. సిరంజిని గబుక్కున నొక్కితే ఇలా జరుగుతుంది. సూదిని లోపలికి దించి నెమ్మదిగా నింపాలి. కాట్రిడ్జి మీద గాలి ఆడే సన్న రంధ్రాన్ని టేపుతో పూర్తిగా మూసేసినా ఇంకు దిగదు.

3. మూడు రంగులు ఒకే కాట్రిడ్జిలో ఉంటే ఏ గది ఏ రంగుదో ఊహించకండి. మోడలును బట్టి వరుస మారుతుంది. ఒక్కొక్క రంధ్రంలో వేరే వేరే అగ్గిపుల్ల ముంచి రంగు చూశాకే నింపండి. రంగుకో సిరంజి ఉండాలి. ఎక్కువ నింపితే ఒక గది ఇంకు పక్క గదిలోకి పొర్లి పసుపు కాస్తా ఆకుపచ్చ అవుతుంది. కొద్దిగా కలిస్తే ఆ రంగు నిండుగా ఉన్న పేజీలు కొన్ని తీస్తే పోతుంది. బాగా కలిసిపోతే ఆ కాట్రిడ్జి మీద ఆశ వదులుకోవడమే మేలు.

4. హెచ్‌పీ, కానన్ ప్రింటర్లు ఇంకును వేడితో చిమ్ముతాయి. 1977లో కానన్ ప్రయోగశాలలో సోల్డరింగ్ ఇనుము వేడి తగిలి సిరంజి సూది నుంచి ఇంకు చిమ్మడం చూసి ఈ పద్ధతి కనిపెట్టారు. ఇంకు లేకుండా నడిస్తే ఆ సన్న హీటర్లు కాలిపోతాయి. అందువల్ల పూర్తిగా అయిపోయేదాకా ఆగకుండా రంగు పలచబడగానే నింపాలి.

5. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్ తన చోటికి చేరక ఆరిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను హెచ్చరిక రాగానే ప్రింటరును దాని బటనుతోనే ఆపాలి. అప్పుడు హెడ్ మూత కిందికి చేరుతుంది.

అన్నీ బాగున్నా రంగు తేడా వస్తుంటే?

నాజిల్ గీతలు నిండుగా ఉన్నా బూడిద గడిలో ఛాయ పోకపోతే మూడు అనుమానాలు ఉన్నాయి.

మొదటిది ఇంకు. ప్రింటరు సాఫ్ట్‌వేరు కంపెనీ ఇంకును దృష్టిలో పెట్టుకుని తయారైంది. అన్నింటికీ పనికివస్తుందని అమ్మే ఇంకు చిక్కదనం, ఛాయ వేరుగా ఉంటాయి. ఎప్సన్ ఎల్805 వంటి ఆరు రంగుల ప్రింటరులో లేత సయాన్, లేత మెజెంటా వేరుగా ఉంటాయి. లేత రంగు ట్యాంకులో ముదురు రంగు పోస్తే ముఖం మీది లేత ఛాయలన్నీ చెడిపోతాయి.

రెండవది పేపరు. పొందూరు ఖద్దరు తెలుపూ మిల్లు గుడ్డ తెలుపూ ఒకటి కావు. ఫోటో పేపర్లలోనూ ఒకటి నీలి తెలుపు, మరొకటి మీగడ తెలుపు. గ్లాసీ పేపరు పెట్టి సాఫ్ట్‌వేరులో ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే ఇంకు పాళ్ళే మారిపోతాయి.

మూడవది సెట్టింగు. ఫోటోషాపూ, ప్రింటరూ రెండూ రంగు సరిచేసే పనికి పూనుకుంటే ఫోటో గులాబీ ఛాయలోకి పోతుంది. ఎవరో ఒకరికే ఆ పని అప్పగించాలి.

ఇవి సరిచూశాక కూడా కొద్ది తేడా ఉంటే ప్రింటరు ప్రాపర్టీస్‌లోని సయాన్, మెజెంటా, పసుపు మీటలు కదపండి. ఒకసారికి ఒక్క మీటే, కొద్దిగానే. ఫోటో ఆకుపచ్చగా ఉంటే మెజెంటా పెంచాలి. ప్రతి ప్రింటు వెనుక ఆ అంకెలు, ఇంకు పేరు, పేపరు పేరు రాసుకోండి. బూడిద గడి బూడిదగా వచ్చిన అంకెలను గోడకు అంటించండి. ఇంకు లేదా పేపరు మారిస్తే ఈ పని మళ్ళీ మొదటి నుంచీ చేయాలి.

మన ఛాయ లోపం కాదు

నలుపు కాట్రిడ్జిలో పిగ్మెంట్ ఇంకు ఉండే రెండు కాట్రిడ్జిల ప్రింటర్లు చాలావరకు గ్లాసీ పేపరు మీద ఆ నలుపును వాడవు. జుట్టు నలుపు, చామనఛాయ, నల్లని చర్మం అన్నీ మూడు రంగులు కలిసే రావాలి. అందుకే ఏ ఒక్క ఇంకు తగ్గినా నల్లనివారి ఫోటోలో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆ తప్పు ఇంకుది. ముఖానిది కాదు.

ఈ పక్షపాతం ప్రింటర్లతో పుట్టింది కాదు. 1950ల నుంచి కోడాక్ కంపెనీ ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి షర్లీ కార్డు అనే నమూనా ఫోటో పంపేది. అందులో ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె ముఖం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే లెక్క. నల్లవారి ముఖాలు ఆ లెక్కలోకి రాలేదు. చాక్లెట్టు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు రంగు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాకే ముదురు ఛాయల మీద శ్రద్ధ పెరిగింది. వివిధ జాతుల వారితో కార్డులు వచ్చింది 1990లలో.

తెల్లగా చేసిన ఫోటోను చూసి ఇంట్లో వాళ్ళు ముచ్చటపడవచ్చు. కానీ పరీక్ష హాలులో హాల్ టికెట్టునూ మనిషినీ మార్చి మార్చి చూసే అధికారి ముందు ఇబ్బంది పడేది మనమే. కాబట్టి షాపు నడిపే మిత్రులారా, గడిని సరిచేయండి, ముఖాన్ని వదిలేయండి. ఫోటో దిగే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, "నా రంగులోనే ఇవ్వండి" అని అడగడానికి మొహమాటపడకండి. డబ్బులిచ్చి తీసుకునే ఫోటో మనలాగే ఉండాలి.