రూపవాదమనే ముద్ర: వార్సా శరదుత్సవం అనుభవం

"రూపవాదం" అన్న మాటను మన విమర్శలో చాలా తేలికగా వాడుతుంటాం. కవిత వెంటనే అర్థం కాకపోతే రూపవాదం. కథలో కాలక్రమం తారుమారైతే రూపవాదం. రష్యాలో ఒక సాహిత్య విమర్శకుల బృందానికి పేరుగా మొదలైన ఈ మాట తరువాత అభియోగంగా మారింది. ఆ అభియోగాన్ని ఎవరిమీద మోపారు, మోపినచోట ఏం జరిగింది అన్న ప్రశ్నలు మనం అంతగా వేసుకోలేదు. వాటికి సాహిత్య చరిత్రకంటే సంగీత చరిత్ర స్పష్టమైన జవాబు ఇస్తుంది. వాద్యసంగీతంలో మాటలుండవు. కనుక ఇది వస్తువు, ఇది రూపం అని విడదీసి చూపడానికి అక్కడ వీలుండదు. అటువంటి కళమీద కూడా రూపవాద ముద్ర వేశారంటే, ఆ ముద్ర వేసేవారు నిజంగా దేన్ని కొలుస్తున్నారో తెలుసుకోవడం రచయితలకు అవసరం.

పోలండ్ రాజధానిలో 1956లో ఆరంభమైన అంతర్జాతీయ సమకాలీన సంగీతోత్సవం ఈ చర్చకు మంచి ఉదాహరణ. దాని పేరు "వార్సా శరదుత్సవం". అక్కడ ప్రధానంగా వినిపించేది షోపాన్, బేతోవెన్‌ల సంగీతం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన కొత్త సంగీతం, ఇంకా పరీక్షకు నిలవని సంగీతం.

ఆ కొత్తదనం ఏమిటో ముందు చెప్పుకోవాలి. మన సంగీతంలో ఆధార షడ్జం ఉన్నట్టే, మూడు శతాబ్దాలపాటు యూరప్ సంగీతానికి కూడా ఒక ఆధారస్వరం ఉండేది. రచన ఎంత దూరం తిరిగినా చివరకు ఆ స్వరం దగ్గరికి చేరేది. వియన్నాకు చెందిన షోన్‌బెర్గ్ 1908 ప్రాంతంలో ఈ ఆధారాన్ని వదిలేశాడు. 1920ల తొలి సంవత్సరాల్లో పన్నెండు స్వరస్థానాలకూ సమాన హోదా ఇచ్చే ఒక పద్ధతిని రూపొందించాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాతి తరం ఇంకా ముందుకు పోయింది. టేపురికార్డరును వాద్యంగా చేసుకుంది. అంతవరకు రొదగా భావించిన ధ్వనులను సంగీతంలోకి తెచ్చింది. విన్నవారికి మొదట ఇబ్బంది కలగడం సహజం. ఇళ్ళు కూలిపోయిన నగరాల్లో పెరిగిన తరం, పాత సామరస్యాన్ని యథాతథంగా తిరిగి వాయించడానికి ఇబ్బంది పడటం కూడా అంతే సహజం.

వార్సా అటువంటి నగరమే. నాజీ ఆక్రమణకాలంలో పోలిష్ సంగీత జీవితం నిషేధాలకు గురైంది. విటోల్డ్ లుటొస్వాఫ్‌స్కీ, ఆంజెయ్ పానుఫ్నిక్ అనే ఇద్దరు యువ స్వరకర్తలు కాఫీహోటళ్ళలో రెండు పియానోలు వాయించి పొట్టపోసుకున్నారు. 1944 తిరుగుబాటు తరువాత జర్మన్లు నగరాన్ని నేలమట్టం చేశారు. యుద్ధంలో ధ్వంసమైన ఫిల్హార్మనిక్ సంగీతశాల 1955లోగాని మళ్ళీ తెరుచుకోలేదు.

యుద్ధానంతరం ఏర్పడిన కొత్త ప్రభుత్వం సంగీతకారులకు జీతాలిచ్చింది, వాద్యబృందాలను నిలబెట్టింది, ప్రచురణ సంస్థను నెలకొల్పింది. ఇది చిన్న విషయం కాదు. అయితే 1948 ఫిబ్రవరిలో సోవియట్ పార్టీ కేంద్రకమిటీ సంగీతంపై ఒక తీర్మానం చేసింది. షోస్టకోవిచ్, ప్రొకోఫియెవ్, ఖచతురియాన్‌లను పేరుపేరునా రూపవాదులుగా నిందించింది. ఆ గాలి మరుసటి సంవత్సరానికల్లా పోలండ్‌కు వీచింది. 1949 ఆగస్టులో వాగూఫ్ అనే చోట స్వరకర్తల సమావేశం జరిగింది. సోషలిస్టు వాస్తవికత సంగీతంలో ఎట్లా ఉండాలో సంస్కృతిశాఖ ఉపమంత్రి సొకొర్‌స్కీ అక్కడ వివరించాడు. లుటొస్వాఫ్‌స్కీ మొదటి సింఫొనీ రూపవాద రచనగా నిలిచిపోయింది. కొన్నేళ్ళపాటు అతడు పిల్లల పాటలకు, రేడియోకు సంగీతం కట్టి బతికాడు.

సంగీతం ప్రజలకు చేరాలని, జానపద బాణీలను గౌరవించాలని అడగడంలో తప్పు లేదు. లుటొస్వాఫ్‌స్కీ స్వయంగా మజోవియా ప్రాంతపు జానపద బాణీలు తీసుకుని 1954లో "వాద్యబృందానికి కన్చెర్టో" పూర్తిచేశాడు. అది ఈనాటికీ ప్రపంచమంతటా వాయించే గొప్ప రచన. కాబట్టి జానపద బాణీ కళకు సంకెల కాదు. ప్రజలకు చేరే ధ్వని ఒకటే రకంగా ఉంటుందని, ఆ రకమేదో కమిటీ ముందే నిర్ణయించగలదని అనుకోవడమే పొరపాటు.

ఈ పరిస్థితిలో తదేవుష్ బయిర్డ్, కజిమెష్ సెరొట్‌స్కీ అనే ఇద్దరు యువకులు పోలిష్ స్వరకర్తల సంఘంలో ఒక ప్రతిపాదన పెట్టారు. ప్రపంచంలో ఏం రాస్తున్నారో, ఏం వాయిస్తున్నారో మన చెవులతో మనం విందాం అన్నది దాని సారాంశం. మొదటి ఉత్సవం 1956 అక్టోబరు 10న మొదలై 21న ముగిసింది. ఆ ఏడాది జూన్‌లో పోజ్నాన్ కార్మికుల నిరసనపై తుపాకులు పేలాయి. ఉత్సవం సాగుతుండగానే సోవియట్ సేనలు వార్సావైపు కదిలాయి. ఉత్సవం ముగిసిన రోజునే గొముల్కా పార్టీ నాయకత్వానికి ఎన్నికయ్యాడు. ఆ పన్నెండు రోజుల్లో వార్సా శ్రోతలు షోస్టకోవిచ్‌తోపాటు స్ట్రావిన్‌స్కీని, బార్టోక్‌ను విన్నారు. ఉత్సవం 1957లో జరగలేదు. 1958 నుంచి ఏటా జరగడం మొదలైంది. ఆ ఏడాదే పశ్చిమ జర్మనీ నుంచి స్టాక్‌హౌజెన్ వచ్చి ఎలక్ట్రానిక్ సంగీతం వినిపించాడు. అదే సంవత్సరం మే నెలలో సోవియట్ పార్టీ తన 1948 తీర్మానంలోని తీర్పులు అన్యాయమైనవని ఒప్పుకుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఈ ప్రయోగ సంగీతమంతా పశ్చిమ దేశాల ప్రచార సామగ్రి కాదా? ఈ అనుమానం నిరాధారమైనది కాదు. 1952లో పారిస్‌లో "ఇరవయ్యో శతాబ్దపు కృతులు" పేరుతో పెద్ద ఉత్సవం జరిగింది. దాన్ని నిర్వహించిన సాంస్కృతిక స్వేచ్ఛా కాంగ్రెస్‌కు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. నుంచి వచ్చేదని 1960ల మధ్యలో బయటపడింది. ఒక పక్షం కొత్త సంగీతాన్ని నిషేధిస్తే, రెండో పక్షం దాన్ని ప్రదర్శనపెట్టెలో పెట్టి చూపింది. ఇద్దరికీ సంగీతం సాధనమే.

అయితే ఒక పద్ధతిని శత్రువు వాడుకున్నాడు కాబట్టి అది శత్రువు సొత్తు అవుతుందా? ఇటలీ స్వరకర్త లూయీజీ నోనో ఉదాహరణ చూడండి. ఇతడు 1952లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఫాసిస్టులు మరణశిక్ష విధించిన ప్రతిఘటన యోధులు చివరి గడియల్లో ఇంటికి రాసుకున్న ఉత్తరాలను తీసుకుని "ఇల్ కాంతో సొస్పేసో" అనే రచన చేశాడు. అది 1956 అక్టోబరు 24న, అంటే వార్సా ఉత్సవం ముగిసిన మూడు రోజులకు, కొలోన్‌లో మొదటిసారి వినిపించింది. నోనో అందులో వాడింది షోన్‌బెర్గ్ బాటలో వచ్చిన స్వరపంక్తుల పద్ధతే. బూర్జువా క్షీణతగా నింద పడిన పద్ధతిలోనే ఒక కమ్యూనిస్టు తన అమరులకు నివాళి పలికాడు. తరువాత 1964లో జెనోవా ఉక్కు కర్మాగారపు చప్పుళ్ళను టేపుమీద పట్టి కార్మికుల జీవితంపై "లా ఫాబ్రికా ఇల్యుమినాతా" రచించాడు.

వార్సా ఉత్సవం తయారుచేసిన రచయితల్లో క్షిష్టోఫ్ పెండెరెట్‌స్కీ పేరు ఎక్కువమందికి తెలుసు. 1961 ఉత్సవంలో వినిపించిన అతని రచన యాభై రెండు తీగవాద్యాలకు ఉద్దేశించినది: 24 వయొలిన్లు, 10 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బాసులు. అందులో మనం పాడుకోగల బాణీ ఉండదు. పక్కపక్క స్వరాలన్నీ ఒక్కసారి మోగి ధ్వని ముద్దగా మారుతుంది. వాద్యగాళ్ళు వాద్యం గుర్రంమీద కమాను లాగుతారు, చెక్కమీద వేళ్ళతో కొడతారు. కాలాన్ని తాళంతో కాక సెకన్లతో కొలుస్తారు. అతడు దానికి మొదట పెట్టిన పేరు కూడా ఆ కాలప్రమాణమే: 8 నిమిషాల 37 సెకన్లు. రూపవాదానికి ఇంతకుమించిన ఉదాహరణ వెతకనక్కరలేదు అనిపిస్తుంది. కాని దాన్ని వాద్యబృందం వాయించగా విన్నాక అతడు ఆ పేరు మార్చి, "హిరోషిమా మృతులకు శోకగీతం" అన్నాడు. ఆ పేరుతోనే లోకం దాన్ని వింటోంది.

దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. తయారైన వస్తువుకు తరువాత చీటీ అంటించాడని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను కొట్టిపారేయలేం. పేరు చూసి వినేవాడికి విమానాలూ ఆర్తనాదాలూ వినిపిస్తే, అందులో కొంత పేరు చేసిన పనే. కాని అదే పేరును ఒక నృత్యగీతానికి పెట్టి చూడండి, నిలవదు. ఆ ధ్వనిలో అంతటి భయాన్ని మోయగల బలం ముందే ఉంది కాబట్టే పేరు అతికింది. రచయిత ముందు విషయం నిర్ణయించుకుని తరువాత రూపం తొడుగుతాడన్న మన వాడుక సూత్రం ఇక్కడ తలకిందులైంది. రూపాన్ని వెతుకుతూ పోయినవాడు తన కాలపు అతిపెద్ద నేరం ఎదుట నిలబడ్డాడు. మన అనుభవంలో కూడా ఇలా జరుగుతుందని రాసేవాళ్ళు ఎరుగుదురు.

లుటొస్వాఫ్‌స్కీ మరో దారి పట్టాడు. అదే 1961 ఉత్సవంలో పూర్తిరూపంలో వినిపించిన "వెనీషియన్ ఆటలు" అనే రచనలో కొన్ని భాగాలకు ఉమ్మడి లయ ఉండదు. ఎవరి స్వరాలు వారికి రాసి ఉంటాయి. వాటిని ఎవరి వేగంతో వారు వాయిస్తారు. నిర్వాహకుడు సైగ చేసినప్పుడు అందరూ మొదలుపెడతారు, మళ్ళీ సైగ చేస్తే ఆగుతారు. ఇది మన మనోధర్మం వంటిది కాదు. ఇక్కడ స్వరాలు నిర్ణీతం, కాలం మాత్రమే వాద్యగాడి చేతిలో ఉంది. గుంపులో ఒకడుగా ఉంటూనే తన అడుగు తాను వేయడం ఎట్లా అన్న ప్రశ్నను ఆ రచన ధ్వనిలో వేస్తుంది.

ఇంతమాత్రాన ఆ ఉత్సవాన్ని స్వేచ్ఛాస్వర్గంగా చిత్రించడం సరికాదు. 1954లో ఇంగ్లండుకు వెళ్ళిపోయిన పానుఫ్నిక్ సంగీతం 1977 దాకా స్వదేశంలో వినిపించలేదు. స్టాక్‌హౌజెన్‌ను పిలిచిన నగరంలోనే, కాఫీహోటల్లో లుటొస్వాఫ్‌స్కీ పక్కన కూర్చుని వాయించినవాడి పేరు నిషిద్ధమైంది. కవులకూ నాటకకర్తలకూ సెన్సారు కత్తెర ఉన్న దేశంలో స్వరకర్తలకు అంత వెసులుబాటు ఎందుకు దొరికింది? ధ్వనిలో నినాదం పట్టుకోవడం సెన్సారు అధికారికి కష్టం. ఆ వెసులుబాటును బయటి ప్రపంచానికి చూపుకోవడం ప్రభుత్వానికి లాభం. ఈ నిజాన్ని దాచిపెట్టి ఉత్సవాన్ని మెచ్చుకోవడం నిజాయితీ కాదు. హద్దులు ఎక్కడున్నాయో 1981 డిసెంబరు 13న తేలిపోయింది. సైనికపాలన విధించారు. 1982లో ఉత్సవం జరగలేదు. లుటొస్వాఫ్‌స్కీ ఆ దశాబ్దమంతా స్వదేశంలో అధికారిక వేదికలకు దూరంగా ఉండిపోయాడు.

1989 తరువాత వ్యవస్థ మారింది. సెన్సారు పోయింది. దాంతోపాటు కళలకు ప్రభుత్వం పెట్టే ఖర్చుమీద పాత భరోసా కూడా పోయింది. ఉత్సవం మాత్రం ఆగలేదు. ఇప్పటికీ స్వరకర్తల సంఘమే దాన్ని నడుపుతోంది.

ఈ చివరి వాక్యమే మనకు ముఖ్యం. ఆ సంఘం తీర్పులు చెప్పే న్యాయస్థానంగా మిగిలిపోకుండా, వినే చోటు ఏర్పాటు చేసింది. నచ్చినవారు చప్పట్లు కొట్టారు, నచ్చనివారు ఈలలు వేశారు. ముందు వినడం, తరువాత వాదించడం అన్న క్రమాన్ని నిలబెట్టింది. 1949లో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ తీర్పు ముందు వచ్చింది.

రూపప్రయోగం మనకు పరాయిదేమీ కాదు. వృత్తాలను పక్కనపెట్టి మాత్రాఛందస్సుల్లో శ్రీశ్రీ కవిత చెప్పడం రూపప్రయోగమే. పురాణగాథలు వినిపించే కళారూపాన్ని ప్రజానాట్యమండలి చేపట్టి, నాజర్ వంటి కళాకారుల చేతిలో రాజకీయ బుర్రకథగా మలచడం రూపప్రయోగమే. ఆ ప్రయోగాలు ఫలించాక వాటిని సంప్రదాయంగా గౌరవిస్తున్నాం. ఫలిస్తాయో లేదో తెలియని దశలో ఉన్న ప్రయోగాన్ని మాత్రం అనుమానిస్తున్నాం.

ప్రతి ప్రయోగమూ గొప్పదని దీని అర్థం కాదు. వార్సాలో వినిపించిన వాటిలో మరుపున పడినవి ఎన్నో. చెప్పడానికేమీ లేక రూపాన్ని అడ్డుపెట్టుకునేవాళ్ళు ఏ కళలోనైనా ఉంటారు. వాళ్ళను ఎత్తిచూపే హక్కు, బాధ్యత విమర్శకుడికి ఉన్నాయి. కాని ఆ పని రచనలోకి దిగి, అది ఎక్కడ డొల్లగా ఉందో చూపించి చేయాలి. నాకు అర్థం కాలేదు అని ఒప్పుకోవడానికి బదులు "రూపవాదం" అనేయడం విమర్శ కాదు. మన సంఘాల సమావేశాల్లో ఈసారి ఆ మాట వినబడినప్పుడు, ఆ రచనను ఇంకొకసారి పైకి చదివించి విందాం. చర్చ ఆ తరువాత మొదలుపెడదాం.