మంటిపాత్ర చెప్పు సాక్ష్యము

పారసీక దేశమనగానే చదువరులకు డరయసు చక్రవర్తియు, పర్సెపొలిసు సభామంటపములును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని యా సామ్రాజ్యము తలయెత్తుటకు మూడువేల సంవత్సరములకు పైగా పూర్వమే యా నేలపై కుమ్మరి సారె నెరిగి యుండెను. రాజుల బంగారమును విజేతలు కరగించుకొనిరి. కుండపెంకును గోరువాడు నాడు లేడు. కనుకనే యది మట్టిలో నిలిచినది. టెహరానులో 1937వ సంవత్సరమున వెలసిన జాతీయ ప్రదర్శనశాలయందు వరుసదీర్చిన మృణ్మయపాత్రలు, వ్రాతలేని కాలమునకు మిగిలిన చరిత్రపుటలు. అవి యే దారిని ప్రదర్శనశాలకు వచ్చినవో తెలిసికొనుట వాని యందము జూచుటకంటె తక్కువ పని గాదు.

ఆ దేశపు నైరుతి భాగముననున్న సూసా నగరమున, క్రీస్తునకు పూర్వము 4000 ప్రాంతమున, మృతులతో గూడ చిత్రితపాత్రలను పాతిపెట్టుచుండిరి. వానిలో ప్రసిద్ధమైనది సుమారు 29 సెంటీమీటర్ల యెత్తుగల పానపాత్ర. నడుమ నొక కొండమేక. దాని కొమ్ములు వెనుకకు వంగి నిండు వలయమైనవి. ఆపైన సాగిలబడినట్లున్న వేటకుక్కల వరుస. అంచున నిలువుగీతలవలె పొడుగుమెడల పక్షులు. ఆ చిత్రకారుడు మేకను ఉన్నదున్నట్లు వ్రాయలేదు. పాత్ర యాకృతికి దగినట్లు మేకనే మలచినాడు.

అయితే యీ పాత్ర యున్నది టెహరానులో గాదు, పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో. 1895లోను, 1900లోను జరిగిన యొడంబడికలచే ఇరాను ప్రభువులు దేశమందంతటను త్రవ్వకములు జరుపు హక్కును ఫ్రాన్సునకే ధారపోసిరి. సూసాలో దొరకిన వస్తువులన్నియు వారివే యని రెండవ యొడంబడిక నిర్ణయించెను. ఆ గుత్తాధికారము 1927లో రద్దయినది. 1930లో పురావస్తు రక్షణ శాసనము వచ్చినది. జాక్ ద మోర్గాన్ మొదలగువారి శ్రమ లేనిచో నా పాత్ర అప్పుడు వెలుగు జూచి యుండదు. ఆ ఋణము నంగీకరింపవలసినదే. కాని పరిశోధించు హక్కు వేరు, తరలించుకొనిపోవు హక్కు వేరు. ఖజానా వట్టిపోయిన ప్రభుత్వము రెంటిని నొకే సంతకముతో నిచ్చివేసెను.

దీనితో సీస్తాను ప్రాంతమందలి షహరె సూఖ్తెను, అనగా 'కాలిన నగరము'ను, పోల్చి చూడుడు. అచ్చట 1967 మొదలు ఇటలీ పండితులు త్రవ్వకములు సాగించిరి. అందు దొరకిన చిన్న పాత్రపై నొక మేక చెట్టునొద్దకు వచ్చి యెగిరి యాకులు మేయుట ఐదు చిత్రములుగా నున్నది. పాత్రను ద్రిప్పిన మేక దుమికినట్లే తోచును. నాలుగువేల యేండ్లకు పూర్వపు కుమ్మరి చలనమును బట్టుకొన యత్నించెను! త్రవ్వినవారు పరదేశీయులే; పాత్ర మాత్రము టెహరానులోనే నిలిచినది.

పరదేశీయుని యొడంబడికకంటె స్వదేశీయుని గునపము చేయు హాని తక్కువ గాదు. కాస్పియన్ సముద్రతీరమందలి గిలాన్ సీమలో మూపురముగల యెద్దు రూపున జేసిన పాత్రలు కలవు. వాని మూతినుండి ద్రవమును వంచవచ్చును. రహస్యముగా సమాధులు త్రవ్వి తెచ్చిన యిట్టివానిని వర్తకులు 'అమ్లష్ పాత్రలు' అను పేర నమ్మిరి. అమ్లష్ అనునది యచ్చటి యొక సంతయూరు మాత్రమే. 1961-62 సంవత్సరములలో ఇజ్జతుల్లా నెగహ్బాన్ అను ఇరాను పండితుడు దొంగలకంటె ముందుగా మార్లిక్ దిబ్బను త్రవ్వించి, యట్టి వృషభపాత్రలనే ఆయుధములతోను, ఆభరణములతోను గూడ సమాధులలో యథాస్థానమున గనుగొనెను. ఆ పాత్రలకు కాలము, కులము, తోడు తెలిసినవి. అంగడిపాత్రలు అంత యందముగలవే యయ్యు మూగవి.

మంటిపాత్ర విలువ మట్టిలో లేదు. రంగులో సగమే యున్నది. తక్కిన సగము, అది యే లోతున, ఏ బూడిదచెంత, ఎవరి యస్థులచెంత నుండెనో యను విషయమున నున్నది. దానిని పెకలించినవాడు సాక్షిని దెచ్చి నాలుక గోసినవాడగును. కనుక ప్రదర్శనశాలకు బోవువారు పాత్ర ధరను గాక, దాని క్రింది చీటిని జూడవలెను. 'దొరకిన చోటు తెలియదు' అని యుండెనేని, ఎచ్చటనో యొక సమాధి పాడైనదని గ్రహింపవలెను.