గనిలో పుట్టిన ముఖకవచము

బెల్లంపల్లిలో బొగ్గు త్రవ్వకము 1920వ దశకపు చివరి సంవత్సరములలో ఆరంభమైనది. అంతకు పూర్వమే, 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతమున బొగ్గుపొరలను గుర్తించుటయు, 1889లో అచ్చట త్రవ్వకము మొదలగుటయు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడుటయు జరిగియుండగా, తరువాతి కాలమున గోదావరికి ఉత్తరమున, కాజీపేట నుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము పొడవున, బెల్లంపల్లి, మందమర్రి మొదలగు ఊళ్లు బొగ్గుబాయిల చుట్టును అల్లుకొని పెరిగినవి. తాత, తండ్రి, కొడుకు వరుసగా బాయిపనికి పోయిన ఇండ్లు ఇచ్చట అరుదు కావు. అట్టి సీమలో 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రవేశించి, ముక్కును నోటిని కప్పుకొని గాని గడప దాటరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించినప్పుడు, మాస్కును ఆసుపత్రి నుండి దిగివచ్చిన క్రొత్త వస్తువుగా భావించుట సహజమే. అయినను దాని పుట్టుపూర్వోత్తరములను విచారించినచో, అది వైద్యుని చేతికి రాకముందు చిరకాలము ధూళిలో పనిచేయు శ్రామికుని సొత్తుగా నుండెనని తేటపడును.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోము నగరపు పండితుడు ప్లినీ, ఇంగిలీకమును పొడిచేయు పనివారు ఆ విషధూళి లోనికి పోకుండ జంతువుల మూత్రాశయపు పొరను ముఖమునకు కట్టుకొనెడివారని వ్రాసినాడు. 1790వ దశకమున, పిమ్మట లోకయాత్రికుడుగా ప్రసిద్ధి కెక్కిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, ప్రష్యా గనుల అధికారిగా పనిచేయుచు, గనులలోని చెడుగాలి నుండి కార్మికులను కాపాడుటకై ఒక శ్వాసయంత్రమును కల్పించెను. 1849లో అమెరికాలోని కెంటకీ వాసి లూయిస్ హాస్లెట్ ధూళిని వడగట్టు ఒక సాధనమునకు పేటెంటు పొందెను. ‘ఊపిరితిత్తుల రక్షకము’ అని అతడు దానికి పెట్టిన పేరు.

వీరందరును ప్రయత్నము చేసిరే గాని, ఊపిరితో బాటు లోనికి పోవు ధూళి ఏమగునో కన్నులకు కట్టినట్లు చూపినవాడు భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్. చీకటిగదిలో ఒక తీక్ష్ణమైన కాంతికిరణమును ప్రసరింపజేసినచో, గాలిలోని రేణువులు దానియందు మెరయుచు కనిపించును. టిండాల్ ఆ కిరణములోనికి తన నిశ్వాసమును విడిచెను. మొదట కిరణము మెరయుచునే యుండి, నిశ్వాసము ముగియవచ్చునప్పటికి, అనగా ఊపిరితిత్తుల లోలోతుల నుండి గాలి వెలువడు సమయమునకు, దాని నడుమ నల్లని ఖాళీ యేర్పడెను. లోతులకు పోయిన గాలి తన ధూళినంతయు అచ్చటనే విడిచి, శుద్ధమై వెలుపలికి వచ్చుచున్నదని దాని యర్థము. అటుపిమ్మట ముక్కునకు నోటికి దూదిని అడ్డముంచుకొని గాలి పీల్చి విడువగా, నిశ్వాసము ఆరంభము నుండియే కిరణము నల్లబడెను. ధూళి దూదిలో చిక్కుకొనినది. 1870లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసమున ఈ సంగతిని వివరించుచు, ఆయన ధూళికిని రోగక్రిములకును గల సంబంధమును సైతము చర్చించెను. ముఖకవచ శాస్త్రమునకు ఇంతకన్న సుందరమైన ప్రయోగము మరియొకటి లేదని నా విశ్వాసము. జీవితకాలము బొగ్గుధూళిని పీల్చిన వాని ఊపిరితిత్తులు ఏల నల్లబడునో, గుప్పెడు దూది ఏల ప్రాణరక్షకమగునో, ఆ ఒక్క కిరణము రెండింటికిని సమాధానము చెప్పినది.

వైద్యుల వంతు దాదాపు మూడు దశాబ్దములకు గాని రాలేదు. మాటలాడునప్పుడు వెలువడు తుంపరలలో సూక్ష్మజీవులు ఉండునని బ్రెస్లా నగరమున కార్ల్ ఫ్ల్యూగే నిరూపింపగా, 1897లో ఆ నగరమందే యోహాన్ మికులిచ్ అను శస్త్రవైద్యుడు ముఖమునకు పలుచని జాలిగుడ్డ కట్టుకొని శస్త్రచికిత్స చేయనారంభించెను. కాని ఆ గుడ్డ రోగి గాయమును కాపాడుటకే. ధరించిన వానిని కాపాడుట దాని యుద్దేశము కాదు. ఈ రెండవ ప్రయోజనమును మహమ్మారి నడుమ నిలిచి లోకమునకు చూపినవాడు పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వైద్యుడు వూ లియెన్-తే. 1910 డిసెంబరులో మంచూరియాలోని హార్బిన్ నగరమునకు ఆయన చేరునప్పటికి అచ్చట ప్లేగు చెలరేగుచుండెను. అది ఎలుకలపై బ్రతుకు ‘ఫ్లీ’ అను పురుగుల వలన వచ్చు ప్లేగు కాదనియు, దగ్గుతుంపరలతో గాలిలో ప్రాకు ఊపిరితిత్తుల ప్లేగనియు నిశ్చయించి, రెండు జాలిగుడ్డల నడుమ దూదిపొరను పెట్టి తలవెనుక గట్టిగా ముడివేయదగిన కవచమును కుట్టించి, వైద్యులకు, పరిచారకులకు, శవవాహకులకు పంచిపెట్టెను. ఈ సిద్ధాంతమును అంగీకరింపని ఫ్రెంచి వైద్యుడు మెనీ కవచము లేకయే రోగుల పరీక్షకు పోయి, కొలది దినములలోనే, 1911 జనవరిలో, ఆ వ్యాధికే బలియయ్యెను. సుమారు 60,000 మందిని పొట్టనబెట్టుకొనిన ఆ ప్లేగు వసంతారంభమునకు అణగిపోయినది.

ఈలోగా గనులలో మరియొక శాఖ పెరుగుచుండెను. దీనిని గూర్చి చెప్పక తప్పదు, ఏలననగా పొరబడినచో ప్రాణములే పోవును. దూదియైనను గుడ్డయైనను రేణువులను పట్టునే గాని వాయువులను పట్టజాలదు. బొగ్గుబాయిలో నిప్పురాజుకొనినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు ఎంతటి మేలిమి మాస్కునుండియైనను అడ్డులేక లోనికి పోవును. మొదటి ప్రపంచయుద్ధపు చివరి కాలమున అమెరికా రసాయనవేత్తలు మాంగనీసు, రాగి ఆక్సైడులను కలిపి హోప్కలైట్ అను పదార్థమును సిద్ధపరచిరి. అది ఆ విషవాయువును అంత హానికరము కాని కార్బన్ డయాక్సైడుగా మార్చును. భూగర్భ కార్మికుడు నడుమునకు తగిలించుకొను సెల్ఫ్ రెస్క్యూయరులలో ఒక రకము ఈ సూత్రముపైననే పనిచేయును. మాస్కు ఉన్నది గదా యని దానిని విడిచి బాయిలోనికి దిగరాదు.

ధూళికవచమునకు ప్రమాణములు ఏర్పడుటకు వెనుక గొప్ప దుఃఖము కలదు. 1930–31లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున, హాక్స్ నెస్ట్ అనుచోట, సిలికా నిండిన కొండను తొలిచి సొరంగము త్రవ్వుచు, తగిన రక్షణ లేక ఆ ధూళిని పీల్చిన కూలీలు వందలాదిగా సిలికోసిస్ వ్యాధితో మరణించిరి. వారిలో అధికులు నల్లజాతి పేదలు. ఆ తరువాత 1934లో ఆ దేశపు గనుల సంస్థ ధూళికవచములను పరీక్షించి ధ్రువీకరించు నియమములను వెలువరించెను. 1950వ దశకపు చివర 3ఎం సంస్థకు సలహాదారుగా నుండిన సారా లిటిల్ టర్న్‌బుల్ అను రూపశిల్పి, నేయకుండ అతికిన నారతో ముఖమునకు అమరునట్టి గిన్నెరూపపు కవచమును ప్రతిపాదించినది. 1972లో ఆ సంస్థయే పరిశ్రమల కొరకు ఒకసారి వాడి పారవేయదగిన ధూళికవచమును విపణిలో ప్రవేశపెట్టెను. 1995లో నూతన ప్రమాణములు వచ్చి, ‘ఎన్95’ అను పేరు స్థిరపడినది. అదే దశకమున తైవానులో జన్మించిన పీటర్ సై, టెన్నెసీ విశ్వవిద్యాలయమున, పాలీప్రొపిలీన్ నారపొరలకు స్థిరవిద్యుదావేశమును ఎక్కించు పద్ధతిని అభివృద్ధి చేసి ఆ కవచమునకు నూతనబలము నిచ్చెను.

వైరసు మైక్రానులో పదవవంతు మాత్రమే యుండగా, అంతకన్న పెద్ద సందులున్న పొర దానిని ఎట్లు ఆపగలదని కొందరు ప్రశ్నింతురు. సహేతుకమైన ప్రశ్నయే. జల్లెడ తనయందలి కన్నములకన్న పెద్దవానినే ఆపును; మాస్కు జల్లెడ కాదు. దానిలో కొన్ని మైక్రానుల మందము గల నారలు చిక్కుపడి పలుపొరలుగా పేరుకొని యుండును. పెద్దరేణువులు గాలితో మలుపు తిరుగలేక నారకు ఢీకొని అంటుకొనును. అతిసూక్ష్మములు వాయ్వణువుల తాకిడికి అటునిటు తూలుచు, దారితప్పి ఏదో ఒక నారకు తగిలి నిలిచిపోవును. ఈ రెండింటికిని చిక్కక తప్పించుకొనుటకు వీలున్నవి నడిమి పరిమాణము గలవి, సుమారు 0.3 మైక్రానువి, వానిని నారయందలి విద్యుదావేశము తనవైపునకు లాగుకొనును. అత్యంత కఠినమైన ఈ పరిమాణముతోనే పరీక్షించి, నూటికి 95 రేణువులనైనను ఆపవలెనని ఎన్95 నియమము. మాస్కును సబ్బునీటితో ఉతికినను, స్పిరిటుతో తుడిచినను ఆ యావేశము నశించును. చూచుటకు శుభ్రముగానే యుండును గాని బలముడిగిన వస్తువగును.

తెలంగాణములో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడినది. ఏప్రిలులో మాస్కు తప్పనిసరియైనది. అటుపిమ్మట ధరింపనివారికి 1000 రూపాయల జరిమానా విధింపబడెను. ఎన్95లు వైద్యులకే చాలని ఆ దినములలో, స్వయం సహాయక సంఘముల స్త్రీలు కుట్టుమిషన్లపై గుడ్డమాస్కులు కుట్టిరి. అవియు దొరకనివారు దస్తీనో తువ్వాలనో కట్టుకొనిరి. ఏమియు లేనిదానికన్న అది మేలే. తుంపరలను కొంత ఆపును. కాని ఒంటిపొర దస్తీని ఎన్95తో సమానముగా నెంచుట పొరపాటు. గుడ్డకన్న మూడుపొరల సర్జికల్ మాస్కు, దానికన్న ఎన్95 గాని, మన దేశపు ప్రమాణము ప్రకారము చేసిన ఎఫ్‌ఎఫ్‌పి2 గాని ఉత్తమము.

అయితే ఏ మాస్కుయైనను ముఖమునకు అమరనిచో వ్యర్థము. గాలికి శ్రమ యిష్టము లేదు. నారలగుండ దూరుటకన్న చెంపలవద్ద సందు దొరికినచో అచ్చటినుండియే పోవును. ముక్కుపై నున్న తీగను రెండుచేతుల వ్రేళ్లతో నొక్కి అమర్చవలెను. అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి విడిచినప్పుడు కన్నులకు గాని చెంపలకు గాని గాలి తగిలినచో మరల సరిచేయవలెను. కండ్లద్దములు మసకబారుచున్నచో పైన సందున్నదనియే యర్థము. దట్టమైన గడ్డముపై ఏ ఎన్95 కూడ అతుకదు. చెవిదారములకన్న తలచుట్టును వచ్చు పట్టీలు బిగువు. సర్జికల్ మాస్కు వదులైనచో, చెవిదారములను అంచువద్ద ముడివేసి మిగిలిన మడతలను లోనికి త్రోయుటయో, దానిపై గుడ్డమాస్కును తొడుగుటయో చేయవచ్చును. ముక్కు క్రిందికి జారిన మాస్కును, గడ్డమునకు వ్రేలాడు మాస్కును మాస్కు ధరించుటగా లెక్కింపరాదు.

భూగర్భగనిలో పనిచేసినవానికి ‘ఇన్‌టేక్’, ‘రిటర్న్’ అను మాటలు విడమర్చి చెప్పనక్కరలేదు: మంచిగాలి లోనికి వచ్చు దారి యొకటి, ఫ్యాను లాగివేయు చెడుగాలి పోవు దారి యొకటి. మాస్కుకును ఈ రెండు దారులు కలవు. బొగ్గుధూళి విషయమున ఇన్‌టేకును కాచుకొనిన చాలును. కార్మికుని నిశ్వాసము ఎవరికిని కీడు చేయదు. అందుచేత పరిశ్రమల మాస్కులకు ఊపిరి సులువుగా వెలువడుటకై ముందుభాగమున చిన్న కవాటము అమర్తురు. అంటువ్యాధిలో అట్లు కాదు. వ్యాధి తనయందున్నదో లేదో తనకే తెలియదు గనుక రిటర్న్‌ను సైతము వడగట్టవలెను. కవాటమున్న మాస్కు ధరించినవాడు తాను క్షేమముగా నుండి, ఎదుటివారిపై వడగట్టని గాలిని విడుచును. ఈ కారణముననే 2020 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ అట్టివానిని వాడరాదని రాష్ట్రములకు తెలిపినది.

2021 జనవరి 16న దేశమున టీకాలు ఆరంభమయ్యెను. అందొకటి మన హైదరాబాదునందే తయారైన కోవాగ్జిన్. టీకా వేసికొంటిమి గదా, ఇక మాస్కు ఎందుకను మాట అప్పుడు లోకమంతట వినవచ్చెను. అమెరికా వ్యాధినియంత్రణ సంస్థయే 2021 మే 13న, టీకా పూర్తియైనవారికి మాస్కు అక్కరలేదని ప్రకటించి, వైరసు డెల్టా రకము విజృంభింపగా జూలై 27న, వ్యాధి అధికముగా నున్నచోట్ల నాలుగుగోడల నడుమ వారును ధరింపవలెనని సవరించుకొనవలసివచ్చెను. కారణము శరీరధర్మమందే యున్నది. కండరములోనికి ఎక్కించిన టీకా రక్తమున ప్రతిరక్షకములను, జ్ఞాపకము గల రక్షకకణములను సిద్ధపరచి, వ్యాధి ఊపిరితిత్తుల లోతులకు దిగి ప్రాణాంతకము కాకుండ చూచును. ఆ పనిలో దానికి సాటిలేదు. కాని ముక్కు లోపలి తడిపొరపై దాని కాపలా పలుచనిది, మాసములు గడచిన కొలది మరింత పలుచబడునది. వైరసు అచ్చట కొన్నాళ్లు పెరిగి, టీకా పొందినవానికి పడిసెము మాత్రమే కలిగించి, వాని నిశ్వాసముతో ఇంటిలోని ముసలితల్లికి చేరవచ్చును. టీకా చేయలేని ఆ పనిని మాస్కు చేయును. మాస్కు చేయలేని పనిని టీకా చేయును. ఒకదానికి బదులుగా రెండవది రాలేదు.

ఎల్లప్పుడును ఎల్లచోట్లను ధరింపుమని నేను చెప్పుటలేదు. ఆరుబయట, పొలములో, జనము పలుచగా నున్నచోట దాని యవసరము స్వల్పము. గనిలోను మొదట నీరుచల్లి ధూళిని అణచుట, పిదప గాలి ఆడించుట, ఆ తరువాతనే మాస్కు. ఇంటిలోను కిటికీలు తెరచుట అట్టిదే. వ్యాధి ప్రబలినప్పుడు గనివద్ద ల్యాంపు రూములో, నిండిన బస్సులో, ఆసుపత్రి వరుసలో, రోగి పడకచెంత మాత్రము అది విడువరానిది.

బెల్లంపల్లి వంటి ఊరిలో ఈ మాటకు అధిక బలము కలదు. బొగ్గుధూళి వలన వచ్చు న్యుమోకోనియోసిస్, రాతిధూళి వలన వచ్చు సిలికోసిస్ మన దేశపు చట్టము క్రింద ప్రకటిత వ్యాధులు. ఒకసారి మచ్చపడిన ఊపిరితిత్తి మరల మునుపటిది కాదు. సిలికోసిస్ ఉన్నవానికి క్షయ సులభముగా అంటును, ఆ క్షయయు గాలిలోనే ప్రాకును. పదవీవిరమణ పొంది, మెట్లెక్కినంతనే ఆయాసపడు ముసలి కార్మికుడు ఇంటనుండగా, ఆయన కొడుకులకు, కోడండ్రకు, మనుమలకు నా మనవి యిది: టీకాలు సకాలమున వేయించుకొనుడు, మీకు దగ్గు, జ్వరము ఉన్న దినములలో, ఊరిలో వ్యాధి తిరుగు దినములలో, ఆయన గదిలోనికి పోవునప్పుడు అమరిన మాస్కు ధరించి పొండు, కిటికీ తెరచియుంచుడు, ఆయనకును ఒకటి ఇండు.