మాటిచ్చిన ఆస్తికి రాతే రక్ష
సేవాసంస్థలకు ఆస్తి ఇవ్వదలచినవారు తెలుసుకోవలసిన విషయాలు

నల్గొండ: భూదానోద్యమానికి పురిటిగడ్డగా పోచంపల్లి పేరు దేశమంతటా తెలుసు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు, సాగు చేసుకునేందుకు 80 ఎకరాలు ఇప్పించాలని 40 దళిత కుటుంబాలు కోరాయి. గ్రామానికి చెందిన వెదిరె రామచంద్రారెడ్డి ముందుకు వచ్చి 100 ఎకరాలు ఇస్తున్నట్లు ప్రకటించారు. ఆ దానం వెనుక ఒక తండ్రి కోరిక ఉందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. తమ 200 ఎకరాల్లో సగం అర్హులకు పంచాలని తన తండ్రి ఆశించారని, ఆ కోరిక నెరవేర్చేందుకే భూమిని ఇస్తున్నానని ఆయన ఆనాడు చెప్పినట్లు ఉద్యమ చరిత్ర తెలుపుతోంది.

తండ్రి మాట నిలబెట్టే కుమారుడు ఉన్నందున ఆ కోరిక నెరవేరింది. ఆ అదృష్టం అందరికీ ఉండదు. సంతానం లేని దంపతులు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన వృద్ధులు తమ తదనంతరం ఊరి బడికో, అనాథాశ్రమానికో, గ్రంథాలయానికో ఎకరం భూమి లేదా ఇల్లు చెందాలని కోరుకోవడం నల్గొండ, పాలమూరు పల్లెలకు కొత్త కాదు. అయితే ఆ కోరిక కాగితంపైకి ఎక్కకుండానే కన్నుమూస్తే అది కోరికగానే మిగిలిపోతుంది.

వీలునామా లేకుంటే..

వీలునామా రాయకుండా హిందువు మరణిస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి వారసులకు చెందుతుంది. భార్య లేదా భర్త, పిల్లలు, వారు లేకుంటే ఇతర బంధువులు హక్కుదారులవుతారు. వారసులెవరూ లేకుంటే ఆస్తి ప్రభుత్వపరమవుతుంది. ఏళ్ల తరబడి సేవ చేసిన సంస్థకైనా, చివరి రోజుల్లో ఆదుకున్న ఆశ్రమానికైనా చట్టం దానంతట అది ఏమీ ఇవ్వదు. హిందువులు, క్రైస్తవుల విషయంలో నోటిమాటగా చెప్పిన వీలునామా చెల్లదు. ముస్లింలకు నోటి వీలునామా చెల్లుబాటు అయినప్పటికీ దానిని రుజువు చేయడం కష్టం.

రెండు మార్గాలు

సంస్థకు ఆస్తి ఇచ్చేందుకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది దానపత్రం. స్థిరాస్తికి దీనిని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. దాత జీవించి ఉండగానే సంస్థ దానిని స్వీకరించాలి. ఒకసారి ఇచ్చిన తర్వాత మనసు మారినా సాధారణంగా వెనక్కి తీసుకోలేరు. అయితే బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉంటామని, పంట తామే అనుభవిస్తామని దానపత్రంలో రాసుకోవచ్చు. అలా రాసుకున్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది.

రెండవది వీలునామా. ఇది మరణానంతరమే అమలులోకి వస్తుంది. జీవించి ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. వైద్య ఖర్చులు ఎంతవుతాయో తెలియని వృద్ధులకు ఇదే క్షేమం. దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరు చేయిస్తే తర్వాత తలెత్తే అనుమానాలు తగ్గుతాయి. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరిచే వీలు కూడా ఉంది.

ఎంత వరకు రాయవచ్చు?

స్వార్జితమైతే హిందువులు మొత్తం ఆస్తిని ఎవరికైనా రాయవచ్చు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో తమ వాటాకే అధికారం ఉంటుంది. ఆ ఆస్తిలో కుమార్తెలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకంలోనే చట్ట సవరణ ద్వారా, 2005లో దేశవ్యాప్తంగా సమాన హక్కు లభించింది. ఆడపిల్లల వాటా లెక్కించకుండా రాసిన వీలునామా కోర్టుకెక్కక తప్పదు. ముస్లింలు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోను మిగిలిన దానిలో మూడో వంతు వరకే వారసుల సమ్మతి లేకుండా రాయగలరు. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యాలకు ఆస్తి రాయడంపై 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఉన్న ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది. ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమిని దానపత్రం ద్వారా ఇవ్వడం కుదరదు.

రాతలో జాగ్రత్తలు

'అనాథలకు', 'ఊరి మేలుకు' అని రాస్తే వివాదమే మిగులుతుంది. సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా రాయాలి. అది సొసైటీగానో, ట్రస్టుగానో రిజిస్టరయిందో లేదో చూసుకోవాలి. ఆ సంస్థ మూతపడితే ఆస్తి ఎవరికి చెందాలో కూడా పేర్కొనాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం లేదా వేలిముద్ర వేయాలి. సాక్షులు తమకన్నా చిన్న వయసువారైతే మంచిది. లబ్ధి పొందే సంస్థ నిర్వాహకులు సాక్షులుగా ఉండకపోవడం, వీలునామా రాయించడంలో జోక్యం చేసుకోకపోవడం మేలు. వీలునామాను అమలు చేసే బాధ్యతను నమ్మకమైన వ్యక్తికి అప్పగించాలి.

భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, పాసుపుస్తకం వివరాలు ఉండాలి. ఇక్కడ భూదానం నేర్పే పాఠం ఒకటుంది. దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించినా, అందులో చాలా భాగం పేదల చేతికి చేరలేదు. కొన్నిచోట్ల హద్దులు తేలలేదు, కొన్నిచోట్ల పత్రాలు లేవు, మరికొన్ని కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి, కొంత భూమి సాగుకే పనికిరాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చినా వివాదాలు సమసిపోలేదు.

చిన్న సంస్థకు సాగు చేయడం, కాపాడుకోవడం తలకు మించిన భారం కావచ్చు. భూమిని అమ్మి వచ్చిన సొమ్ములో ఇంత భాగం సంస్థకు ఇవ్వాలని రాయడం అటువంటప్పుడు సులువైన మార్గం. బ్యాంకు డిపాజిట్‌కు సంస్థ నిర్వాహకుడిని నామినీగా పెడితే చాలని కొందరు భావిస్తుంటారు. నామినీ సొమ్మును తీసుకునే వ్యక్తి మాత్రమే. అది చివరికి ఎవరికి చెందాలో వీలునామా లేదా వారసత్వ చట్టం నిర్ణయిస్తుంది.

ఇంటివారికి ముందే చెప్పాలి

పాశ్చాత్య దేశాల్లో వారసత్వ పన్ను నుంచి మినహాయింపు కోసం కూడా సేవాసంస్థలకు ఆస్తి రాస్తుంటారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. కనుక ఇక్కడ రాసేవారిని నడిపించేది మనసే. ఆ మనసును కుటుంబ సభ్యులకు ముందుగా తెలియజేస్తే సగం తగాదాలు పుట్టవు. వీలునామా ఎక్కడ ఉందో అమలు చేసే వ్యక్తికీ, సంస్థకూ తెలిసి ఉండాలి. పెట్టె అడుగున ఎవరికీ తెలియకుండా పడి ఉన్న వీలునామా, రాయని వీలునామాతో సమానం.